పానగల్లు నుంచి మొదలుపెట్టండి: నల్లగొండ మున్సిపల్ పాలకవర్గానికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను నల్లగొండ సర్కారు బడుల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. పుట్టింది మర్రిగూడ దిక్కు, ఉండేది రామగిరిలో. మన పట్టణం నాలుగు దిక్కులా పెరుగుతోంది. హైదరాబాద్ రోడ్డు, దేవరకొండ రోడ్డు, మిర్యాలగూడ రోడ్డు, ఎటు పోయినా కొత్త వెంచర్ల బోర్డులే. రోడ్లు వెడల్పవుతున్నాయి, కూడళ్లు ముస్తాబవుతున్నాయి. అవన్నీ కావలసినవే, వాటికి నేను అడ్డు చెప్పను. రేపటి ఇరవై, ముప్పై ఏళ్లకు ఈ ఊరు ఎట్లుండాలో కాగితం మీద గీసే పని మీ చేతిలో ఉంది కాబట్టి ఒక్క మనవి చేసుకుంటున్నాను. ఆ గీత క్లాక్‌టవర్ దగ్గర మొదలుపెట్టకండి. పానగల్లు చెరువు కట్ట మీద మొదలుపెట్టండి.

ఎందుకో చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పానగల్లు ఇప్పుడు మనకు శివారు. ఆదివారం పిల్లల్ని తీసుకుని కట్ట మీద గాలికి పోయే చోటు, నకిరేకల్ పోయే దారిలో బైపాస్ తగిలే చోటు. కానీ 11, 12 శతాబ్దాల్లో ఈ ప్రాంతానికి రాజధాని అదే. కందూరు చోళులు అక్కడి నుంచి ఏలారు. మొదట కల్యాణి చాళుక్యుల కింద, తర్వాత కాకతీయుల కింద సామంతులుగా ఉన్న చిన్న వంశం అది. మహబూబ్‌నగర్ దిక్కున వర్ధమానపురం, ఇటు పానగల్లు వాళ్ల ముఖ్య పట్టణాలు. పెద్ద సామ్రాజ్యాల చరిత్రలో వాళ్లకు నాలుగు వాక్యాలు కూడా దక్కవు. మా పాఠ్యపుస్తకాల్లో కాకతీయులకు ఒక పాఠమే ఉండేది, ఆ పాఠంలో వీళ్ల పేరు ఎక్కడో ఒక మూల. కానీ ఆ చిన్న రాజులు చేసిన పని చూడండి. ఉదయచోళుడి పేరు మీద ఉదయసముద్రం, అంటే ఇప్పటి మన పానగల్లు చెరువు, తవ్వించారు. దాని దాపున ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం నిలబెట్టారు. చెరువు, గుడి, ఊరు వేర్వేరుగా ఆలోచించే అలవాటు ఆ కాలానికి లేదు. చెరువు కింద పొలం పండాలి, పొలం పంటలో గుడికి వాటా పోవాలి, గుడి దగ్గర ఊరు కూడాలి. మూడూ కలిపి ఒక్కటే ప్లాను. మీరు ఇప్పుడు గీస్తున్నదీ ప్లానే కదా.

ఈ నేల సంగతి తెలిసినవాళ్లు ఆ రాజులు. మనది రాతి నేల. వాన పడితే నీళ్లు గట్టు మీద నుంచి జారిపోతాయి, నేలలోకి ఇంకేది తక్కువ. ఇక్కడ నది లేదు. కృష్ణ ఉంది గానీ అది లోయలో, దూరంగా పారుతుంది. పట్టి నిలబెట్టుకుంటేనే నీళ్లు మనవి. అందుకే ఈ గడ్డ మీద రాజ్యం అంటే మొదట చెరువు. కట్ట ఎంత ఎత్తు ఉండాలి, తూము ఎక్కడ పెట్టాలి, మత్తడి ఎటు దూకాలి అన్నది సరిగ్గా తేల్చుకున్నవాడే ఇక్కడ ఏలగలిగాడు.

ఛాయా సోమేశ్వరాలయం గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. అయినా ఒక టీచరుగా ఒక మాట చెప్పాలి. పొలాల నడుమ, కోనేరు పక్కన ఉన్న ఆ గుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోయినా ఆ నీడ కదలదు. చూడ్డానికి ఒక స్తంభం నీడలాగే ఉంటుంది, కానీ ఏ స్తంభం ముందు నిలబడినా మన నీడ దాంట్లో కలవదు. దేవుడి మహిమ అనేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ దాని వెనక లెక్క ఉంది. ఎండ నేరుగా లోపలికి రాదు. చెదిరిన వెలుతురు పక్కల నుంచి వచ్చి, గర్భగుడి ముందున్న స్తంభాల మధ్య నుంచి లోపలికి చేరుతుంది. ఆ స్తంభాలు దాన్ని అడ్డుకునే తీరు వల్ల అన్నిటి నీడలూ గోడ మీద ఒకే చోట కలిసి పడతాయి. ఒక అట్టపెట్టె, నాలుగు చాక్‌పీసులు, రెండు టార్చిలైట్లు పెట్టి మా తొమ్మిదో తరగతి పిల్లలతో బల్ల మీద ఇట్లాంటిది చేయించాను. రెండు పక్కల నుంచి వెలుగు వేసినప్పుడు నీడలు దగ్గరకు జరిగి ఒకటైతే పిల్లలు అరిచిన అరుపు పక్క క్లాసు దాకా వినిపించింది. తొమ్మిది వందల ఏళ్ల కింద మన ఊరి శిల్పి ఈ లెక్క రాతిలో వేశాడని చెబితే, వాళ్లు మొదటిసారి పానగల్లు పేరు గౌరవంగా పలికారు.

ఇందులో మీ పనికి సంబంధించిన సంగతి ఒకటుంది. ఆ నీడకు ఆధారం బయటి నుంచి వచ్చే చెదిరిన వెలుతురు. గుడి చుట్టూ తెరిపి ఉండబట్టే ఆ వెలుతురు వస్తోంది. రేపు ఆ పొలాలు ప్లాట్లై, దాపునే నాలుగంతస్తుల బిల్డింగులు లేస్తే, లేదా భక్తుల సౌకర్యం పేరు మీద గుడి ముందు రేకుల షెడ్డు, సిమెంటు మండపం వేస్తే, ఆ వెలుతురు దారి మారుతుంది. గుడి రాళ్లకు వారసత్వ శాఖ కాపలా ఉంటుంది. గుడి చుట్టూ ఉన్న ఆకాశానికి కాపలా మీరే, ఎందుకంటే బిల్డింగు పర్మిషన్లు ఇచ్చేది మీరు. ఆ పొలాలను పొలాలుగానే ఉంచే జోన్ మీ పటంలో గీయండి. పొలం పోగొట్టుకోకుండా, ధర కోల్పోకుండా ఆ రైతులకు ఏం చేయవచ్చో వాళ్లను కూచోబెట్టి మాట్లాడండి. వాళ్ల నోరు కొట్టి వారసత్వం కాపాడమని నేను అడగను.

పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు చిన్న చిన్న బొమ్మలుగా వరుసగా చెక్కి ఉన్నాయి. ఆ ఆవరణలోనే మ్యూజియం ఉంది. చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు, శాసనాలు అక్కడ ఉంచారు. నల్లగొండలో పుట్టి పెరిగి, అమెరికాలో మ్యూజియాలు తిరిగొచ్చి, ఈ మ్యూజియం మెట్టు ఎక్కనివాళ్లు నాకు చాలామంది తెలుసు. తప్పు వాళ్లది కాదు. బస్టాండు నుంచి అక్కడికి పోవాలంటే ఏ బస్సు ఎక్కాలో చెప్పే బోర్డు లేకపోతే, గుడి వేళలు రాసి ఉండకపోతే, కూచుని నీళ్లు తాగే నీడ లేకపోతే ఎవరు పోతారు?

పానగల్లు తర్వాత మనకు రెండు గుట్టలున్నాయి. ఈ ఊరి పాత పేరు నీలగిరి. కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట, ఈ రెండిటి నడుమ ఊరు పెరిగింది. ఒక గుట్ట మీద కోట గోడలు, ఇంకో గుట్ట మీద దర్గా. ఉర్సు వచ్చిందంటే ఆ మెట్ల మీద ముస్లింలు ఎంతమందో హిందువులూ అంతమంది కనిపిస్తారు. మొక్కు తీర్చుకోవడానికి పిల్లల్ని భుజాన ఎత్తుకుని ఎక్కేవాళ్లను చూస్తే ఎవరిది ఏ మతమో చెప్పలేం. ఏదైనా పట్టణం గురించి చెప్పేటప్పుడు మతసామరస్యం అని ఒక మాట వేసేయడం అలవాటైపోయింది గానీ, ఇక్కడ అది రాసిన మాట కాదు, ఏటా ఎక్కే మెట్లు. ఆ గుట్టల అంచులు కొరికి ఇళ్లు, రోడ్లు వేయకుండా చూడండి. గుట్ట అంచు కొరికితే మళ్లీ మొలవదు.

ఇక ఈ ఊరి గుణం గురించి. నల్లగొండ అనగానే బయటివాళ్లకు రెండే గుర్తొస్తాయి, సాయుధ పోరాటం, ఫ్లోరైడ్. రెండూ నిజమే, రెండిటి గురించీ రాస్తాను. కానీ వాటికి ముందు ఒక పత్రిక ఉంది. దాన్ని మనం పూర్తిగా మరిచిపోయాం.

1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ అనే తెలుగు వారపత్రిక నడిపారు. ఆ కాలం తలుచుకోండి. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. తెలుగులో సభ పెట్టుకోవాలన్నా పైవాళ్ల అనుమతి కావాలి. ‘గోలకొండ’ పత్రిక హైదరాబాదులో మొదలైంది 1926లో. అంతకు నాలుగేళ్ల ముందే, రైలు లేని, పెద్ద చదువుల కాలేజీ లేని ఈ చిన్న ఊళ్లో ఒక మనిషి తెలుగు అక్షరాలు పేర్చి వారం వారం వార్తలు అచ్చేశాడు. అదే ఏడు వరంగల్ దిక్కు ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు పత్రిక’ తెచ్చారు. తెలంగాణ తెలుగు పత్రికల చరిత్ర చెప్పేవాళ్లు ఈ రెండు పేర్లూ పక్కపక్కనే చెప్తారు. మరి నల్లగొండలో ఆ పత్రిక గుర్తు ఏదీ? ఒక వీధికి పేరు లేదు, ఒక చిన్న ఫలకం నా కంట పడలేదు. మన పిల్లలు జర్నలిజం చదవడానికి హైదరాబాద్ పోతున్నారు. వాళ్ల ఊరే ఒక మొదలని వాళ్లకు ఎవరు చెప్పాలి?

చదువు ముందు వచ్చింది, పోరాటం దాని వెనక వచ్చింది. 1931లో నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ రెండో సభ మన దేవరకొండలో జరిగింది, బూర్గుల రామకృష్ణారావు గారు అధ్యక్షులు. 1944లో పదకొండో సభ భువనగిరిలో, రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగింది. ఈ పదమూడేళ్లలో గ్రంథాలయం, బడి, వితంతు వివాహం అని మాట్లాడిన సభ వెట్టిచాకిరి, కౌలు, భూమి అని మాట్లాడే సభగా మారిపోయింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. అప్పుడు కడవెండి నల్లగొండ జిల్లాలోదే. తర్వాత 1951 అక్టోబరు దాకా జరిగిన సాయుధ పోరాటం లోకమంతటికీ తెలుసు. ఆ ఏడు ఏప్రిల్‌లోనే పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు, భూదానం అక్కడ మొదలైంది. తుపాకీ పట్టి భూమి అడిగినవాళ్లు, చేతులు జోడించి భూమి అడిగినవాడు, ఇద్దరూ ఒకే జిల్లాలో, ఒకే కాలంలో. అడగడం ఈ నేల గుణం. ఎట్లా అడిగినా అడుగుతుంది, ఊరుకోదు.

1952లో మొదటి ఎన్నికలొస్తే అదే గుణం ఓటులో కనిపించింది. నల్లగొండ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. రావి నారాయణరెడ్డి గారు లోక్‌సభకు పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, అప్పటి కమ్యూనిస్టుల ఎన్నికల వేదిక) తరఫున నిలబడి 3 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. దేశంలో అప్పుడు అంత ఓటు ఎవరికీ రాలేదు, నెహ్రూ గారికి కూడా. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఇదొక బిట్టు ప్రశ్న అయిపోయింది. మాకది బిట్టు ప్రశ్న కాదు. జైళ్లలోంచి, అడవుల్లోంచి అప్పుడే బయటికొచ్చిన జనం కాగితం ముక్కతో కూడా అడగవచ్చని నేర్చుకున్న రోజు అది.

ఆ కాగితం ముక్కతో నల్లగొండ అడిగిన ఇంకో ప్రశ్న 1996లో వచ్చింది. నా లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

మా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు మనుషుల్ని మీరు చూసే ఉంటారు. పళ్ల మీద గార మచ్చలు, నలభై ఏళ్లకే వంగిన నడుము, ముడుచుకోని మోకాళ్లు, కొందరు పిల్లలకు పుట్టిన కొన్నేళ్లకే వంకర తిరిగిన కాళ్లు. మా ఇంట్లో పెద్దవాళ్లకు పీట మీద కూచోవడం వచ్చేది కాదు, అన్నం మంచం మీదికే తెచ్చిపెట్టేవాళ్లం. వయసు అనుకున్నారు, వాతం అనుకున్నారు, పూర్వజన్మ పాపం అన్నవాళ్లూ ఉన్నారు. తాగే నీళ్లే కారణం. ఈ గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తుంది. చెరువులు ఎండి, బోర్లు లోతుకు పోయినకొద్దీ రాతి సందుల్లో ఏళ్లకేళ్లు నిలవున్న నీళ్లు పైకొచ్చాయి. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా పల్లెల్లో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఒకసారి ఎముకలో చేరితే దానికి మందు లేదు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు ఈ నీళ్ల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. నీళ్లలో సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పొడి కలిపి తిప్పితే, పాలు విరిగినట్టు పటిక గడ్డకట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది, పై నీళ్లు వంచుకోవచ్చు. ఆ పద్ధతి పేరు నల్లగొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లో ఈ సమస్య ఉన్న ఊళ్లలో కూడా ఈ పేరుతోనే వాడారు. మన ఊరి పేరు ప్రపంచంలో చేరిన దారి ఇది, ఒక జబ్బు మీద నుంచి. ఈ పేరును నేను సిగ్గుగా అనుకోను, గర్వంగానూ అనుకోను. అది మా పెద్దల బాధ మీద రాసిన పేరు కాబట్టి జాగ్రత్తగా పట్టుకోవాలనుకుంటాను.

కానీ రోజూ ఇంట్లో పటిక కలుపుకుని నీళ్లు తాగమంటే పల్లె ఎంతకాలం తాగుతుంది? కావలసింది నది నీళ్లు. నది ఎక్కడో లేదు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఆ జలాశయంలో మన జిల్లా ఏలేశ్వరం మునిగిపోయింది, బౌద్ధుల కాలం నుంచి ఉన్న ఊరది. ఊరు ఇచ్చాం. నీళ్లు ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ దిక్కు పోయాయి, ఆ పొలాలు పండాయి, బియ్యం మిల్లులు వచ్చాయి, చాలా సంతోషం. ఎత్తున ఉన్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ దిక్కుకు ఎక్కలేదు. శ్రీశైలం ఎడమగట్టు కాల్వ అన్నారు, సొరంగం అన్నారు. ఏళ్లు గడిచాయి.

అప్పుడు 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి తరఫున దుశ్చర్ల సత్యనారాయణ గారు, ఆయన వెంట రైతులు, ఫ్లోరైడ్ బాధితులు గుంపులు గుంపులుగా వచ్చి నామినేషన్లు వేశారు. నల్లగొండ సీటుకు మొత్తం 480 మంది పోటీలో నిలిచారు. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు. ఆ 500 కూడా వాళ్లలో చాలామందికి పెద్ద మొత్తమే, వచ్చేది కాదని తెలిసి కట్టారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఎన్నికల సంఘం పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం గారే. ఆ 480 మందిలో ఎక్కువమంది గెలవడానికి నిలబడలేదు. మేం తాగే నీళ్లు ఇట్లున్నాయని దేశం మొత్తం చదవడానికి తమ పేరు ఒక కాగితం మీద రాయించుకున్నారు. ఆ వెంటనే దేశంలో లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు.

ఒక చరిత్ర టీచరుగా నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న మాట ఇది. పానగల్లు మ్యూజియంలో శాసనాలున్నాయి. ఇక్కడికి దగ్గర్లోనే, నకిరేకల్ దగ్గర చందుపట్లలో, 1289 నవంబరు నాటి శాసనం దొరికింది. పువ్వుల ముమ్మడి అనే బంటు, రాణి రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని భూమి దానం చేసి రాయించిన రాయి అది. రుద్రమ చనిపోయిన కాలం మనకు తెలిసింది ఆ రాతి వల్లనే. రాజు రాయించింది కాదు, ఒక మామూలు సిపాయి రాయించింది. అట్లాగే 1996 బ్యాలెట్ కూడా మామూలు మనుషులు రాయించిన శాసనం. దాంట్లో 480 పేర్లున్నాయి. కందూరు చోళుల శాసనం పక్కన ఆ బ్యాలెట్ ప్రతిని అద్దాల పెట్టెలో పెట్టించండి. ఎన్నికల కమిషన్‌ను, కలెక్టరేట్‌ను అడిగి నకలు తెప్పించడం మీకు పెద్ద పని కాదు. ఒకటి ఈ ఊళ్లో నీళ్లు నిలబెట్టినవాళ్ల రాత, ఇంకొకటి నీళ్లు అడిగినవాళ్ల రాత. రెండూ పక్కపక్కన ఉంటే ఏ పిల్లవాడికైనా నల్లగొండ అంటే ఏంటో ఒక గదిలో తెలిసిపోతుంది.

ఆ అడగడం వృథా పోలేదు. ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల పథకం కింద సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోశారు. అక్కడి నుంచి కొన్ని నీళ్లు కోదండాపూర్ మీదుగా హైదరాబాద్ తాగుతోంది. కాల్వ దారిన కొన్ని నీళ్లు ఎక్కడికి వచ్చాయో చూడండి. ఉదయసముద్రానికి. కందూరు చోళుల చెరువు ఇప్పుడు 1.5 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. దాంట్లోంచే బ్రాహ్మణవెల్లెంల ఎత్తిపోతలకు నీళ్లు పోతున్నాయి, 2024 డిసెంబరులో అది మొదలైంది. ఇప్పుడు భగీరథ నల్లాలు మా పల్లెల్లోకి కూడా వచ్చాయి, మా ఊరి చిన్నపిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ పళ్లు చూసినప్పుడల్లా నాకు కళ్లు తడుస్తాయి.

తొమ్మిది వందల ఏళ్ల కింద ఒక చిన్న రాజు ఎంచుకున్న చోటునే ఇప్పటి ఇంజనీర్లు కూడా వాడుకున్నారంటే, ఆ చోటు ఎంపికలో ఎంత తెలివి ఉందో ఆలోచించండి. అట్లాంటి చెరువు పక్కన ఉండి, దానికి వీపు తిప్పి ఊరు పెంచడం ఏం న్యాయం?

అందుకే అడుగుతున్నాను. ఉదయసముద్రం పూర్తి నీటిమట్టం హద్దురాళ్లు పాతించి, ఆ పటం అందరికీ కనిపించేలా మీ ఆఫీసు గోడకు పెట్టండి. ఏ సర్వే నంబరు లోపల, ఏది బయట అన్నది ప్లాటు కొనే మామూలు ఉద్యోగికి ముందే తెలియాలి. కొన్నాక కూలగొడితే నష్టపోయేది వాడే, అమ్మినవాడు కాదు. చెరువుకు వాన నీళ్లు తెచ్చే వాగులు, వరద కాల్వలు ఎక్కడెక్కడ ఉన్నాయో పాత రెవెన్యూ పటాల్లో ఉంటాయి. రోడ్లు వేసేటప్పుడు వాటిని పూడ్చకుండా మోరీలు సరిపోయేంత వెడల్పున కట్టించండి. ఇంకిపోయే దారి లేని రాతి నేలలో కాల్వ మూసుకుపోతే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి, ప్రతి పెద్ద వానకీ చూస్తూనే ఉన్నాం. పట్టణం మురుగు ఒక్క బొట్టు కూడా ఆ చెరువు వైపు మళ్లకూడదు. విషపు నీళ్లు తాగి వంగిపోయిన జిల్లా ఇది. మన తాగునీళ్ల చెరువును మనమే పాడుచేసుకుంటే మన పెద్దలకు ఏం సమాధానం చెప్తాం? కట్ట మీద లైట్లు, బెంచీలు, బోటింగ్ పెట్టుకోండి, జనానికి ఆ సంతోషం కావాలి. కానీ మొదట నీళ్లు, తర్వాత లైట్లు.

కట్ట మీద ఒక రాయి కూడా పెట్టించమని కోరుతున్నాను. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది, మన జిల్లాకు నీళ్లు తేవడానికే తవ్వుతున్నారు. చిక్కుకున్నవాళ్లు మన జిల్లావాళ్లు కాదు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పనికొచ్చినవాళ్లు. మన ఊళ్లు చూడకుండానే మన నీళ్ల కోసం పోయారు. వాళ్ల పేర్లు ఉదయసముద్రం కట్ట మీద ఉండాలి, తెలుగులోనూ, వాళ్ల ఇంటివాళ్లు వస్తే చదువుకునేలా హిందీలోనూ.

‘నీలగిరి’ పత్రిక అచ్చయిన చోటును పెద్దవాళ్లను అడిగి గుర్తించి ఒక ఫలకం పెట్టండి. జిల్లా గ్రంథాలయంలో ఆ పత్రికకు ఒక బీరువా, ఒక బల్ల కేటాయించండి. దొరికిన సంచికల నకళ్లు తెచ్చి అక్కడ పెడితే చాలు, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు రోజూ అక్కడికి వస్తూనే ఉంటారు, వాళ్లే చదువుతారు.

ఇంకొక చిన్న సంగతి. సర్కారు బడి పిల్లల్ని ఏడాదికి ఒకసారి పానగల్లు తీసుకుపోవడానికి ఒక బస్సు, ఆ రోజు మధ్యాహ్నం అక్కడే అన్నం ఏర్పాటు మీరు చేయగలరు. ప్రైవేటు బడుల పిల్లలు విమానంలో ఢిల్లీ టూర్లు పోతున్నారు. మన పిల్లలకు ఐదు కిలోమీటర్లలోపు ఉన్న గుడి చూపించలేమా? నేను, నా తోటి రిటైర్డ్ టీచర్లు కొందరం ఆ రోజు పిల్లల వెంట ఉండి గుడి, చెరువు, మ్యూజియం చూపించి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాం, మాకు ఏమీ ఇవ్వక్కర్లేదు.

వచ్చే సమావేశం ఎజెండాలో చెరువు హద్దుల సంగతి పెడితే, రాతపూర్వకంగా నా అభిప్రాయం ఇస్తాను. పిలిస్తే వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
రామగిరి నుంచి ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, నల్లగొండ